నేను తూచని మనిషి

ముప్పై నాలుగేళ్లు ఏఎన్ఎంగా చేసి, ఆఖర్న రెండేళ్లు సూపర్‌వైజర్ అనిపించుకుని, ఈమధ్యనే రిటైరయ్యాను. ఆ రోజు శాలువా కప్పి, దండ వేసి, మైకులో నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. "మేడమ్ చేతిలో పడ్డ కేసు ఒక్కటి కూడా తప్పిపోలేదు" అన్నాడొకాయన. నేను తల దించుకున్నాను. పాపం సిగ్గుపడుతోంది అనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. నాకేమో ఆ క్షణంలో సముద్రం ఒడ్డునున్న ఒక ఇల్లు కళ్ల ముందు నిలబడింది. ఆ ఇంట్లో నేను ఒక మనిషిని వారం వారం తూచాను, ఇంకో మనిషిని తూచలేదు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలూ, ఇది మీకోసమే రాస్తున్నాను. నా నోరు మంచిది కాదని మీకు ఈపాటికి చెప్పే ఉంటారు. నిజమే. పని సరిగ్గా చెయ్యకపోతే ఆశా కార్యకర్తనీ తిట్టాను, పంచాయతీ పెద్దనీ తిట్టాను, ఒకసారి కోపం ఆగక డాక్టరుగారినీ తిట్టాను. అలాంటిదాన్ని, నన్ను నేను తిట్టుకోవలసొచ్చిన సంగతి ఇది.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. ఇందులో వచ్చే ఆవిడ ఇప్పుడు లేదు. చివరిదాకా దాచి, అప్పుడు చెప్పి మిమ్మల్ని ఏడిపించడం నాకిష్టం లేదు.

మాది చీపురుపల్లి వైపు పల్లె. వరి, నువ్వులు, గోగు చేలల్లో పెరిగినదాన్ని. సముద్రం దగ్గర సబ్‌సెంటరు ఇచ్చినప్పుడు ఆ హోరుకి మూడు నెలలు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత అలవాటైపోయింది. వేటకెళ్లే మగవాళ్లు, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి చేపలమ్మే ఆడవాళ్లు, అందరూ నన్ను నర్సమ్మా అనేవాళ్లు. నేను వాళ్లని అన్నా, వదినా అనేదాన్ని.

నేను చెప్పబోయే వదిన ఆ వీధికంతటికీ పెద్ద గొంతు. చీపురుపల్లి సంతలో ఆవిడ బేరం మొదలుపెడితే పక్క గంపల వాళ్లు నోరు మూసుకునేవాళ్లట. పదిహేనేళ్ల వయసు నుంచీ అడ్డపొగ. అంటే తెలుసుగా, చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. మన ఒడ్డు ఊళ్లలో ఆడవాళ్లకి అదొక అలవాటు. గాలికి ఆరదు, రెండు చేతులూ గంప మీద ఉన్నా పని ఆగదు. కనపడ్డప్పుడల్లా "మానెయ్ వదినా, అంగిట్లో పుండు పడతాది" అనేదాన్ని. ఆవిడ "అలగే నర్సమ్మా" అనేది. నేను పాఠం చెప్పేశానని పుస్తకంలో టిక్కు పెట్టుకునేదాన్ని. అన్నేళ్లలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, "ఏదీ, నోరు తెరు" అని టార్చి వేసి చూడలేదు. నా మొదటి తప్పు అది. రెండోది ఇంకా పెద్దది.

అంగిట్లో పుండు పడింది. విశాఖపట్నంలో పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి అంగిలి చాలావరకు తీసేశారు. తర్వాత కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. నాలుగు నెలలకి ఇంటికొచ్చిన వదినని చూసి నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ముప్పై నాలుగు కేజీలు. ముక్కులోంచి సన్నటి గొట్టం, చెంపకి ప్లాస్టరు. మాటంతా ముక్కులోంచే వస్తోంది, ఏమంటోందో అర్థం కావడం లేదు. నోట్లో గుక్కెడు నీళ్లు పోస్తే దగ్గొచ్చి ఊపిరి ఆడదు. ఆ గొట్టంలోంచి ఏది పోస్తే అదే తిండి.

ఆసుపత్రివాళ్లు కాగితం మీద రాసి పంపారు. మనిషి బలం పుంజుకుని నలభై కేజీలు దాటాక తీసుకురండి, అంగిట్లో పలక బిగిస్తాం, మింగడం నేర్పిస్తాం, వీలైతే గొట్టం తీసేస్తాం అని. ఈలోగా తగ్గిపోతే మాత్రం ఏమీ చెయ్యలేం అని నోటితో చెప్పారట. అంచేత నాకు ఆ ఇంట్లో ఒకటే లెక్క, నలభై.

చెయ్యాల్సిన మనిషి ఆవిడ మొగుడు. కొడుకు గుజరాత్ బోట్ల మీద ఉన్నాడు, పది నెలలకి గానీ రాడు. కూతురు ఒడిశా వైపు అత్తారింట్లో పసిబిడ్డతో ఉంది. ఈ అన్నకి అరవై దాటాయి, మాట తక్కువ. పెళ్లాం గొంతు పెద్దదవడంతో ఆయనకి మాట్లాడాల్సిన అవసరం రాలేదని వీధిలో నవ్వుకునేవాళ్లు. జన్మలో గరిట పట్టని మనిషి.

మొదటిరోజు సిరంజి చేతికివ్వగానే, పంపుతో నీళ్లు కొట్టినట్టు ఒక్క తోపు తోశాడు. వదిన విలవిల్లాడిపోయింది. "నీకు బుద్దుందా అన్నా! బోటు ఇంజను కాదది, మీ ఆవిడ కడుపు!" అని అరిచాను. ఆయన సిరంజి వెంటనే దించేశాడు. ఆ తర్వాత మళ్లీ తప్పు చెయ్యలేదు. వల అల్లే చేతులు కదా. చెంప దగ్గర గొట్టం మీద గుర్తు జరిగిందా లేదా చూసుకోవడం, ముందు కాస్త లాగి కడుపులో నీరు వస్తోందో లేదో చూడడం, సిరంజిలో తోసే దిమ్మ తీసేసి పైకెత్తి పట్టుకుని సన్నగా దిగనివ్వడం, ఆఖర్న నీళ్లు పోసి కడగడం, అరగంట కూర్చోబెట్టడం, అన్నీ రెండు రోజుల్లో వచ్చేశాయి. చోడి అంబలి, అదే రాగిజావ, కాచి, పాత పంచె గుడ్డలో రెండుసార్లు వడకట్టేవాడు. పప్పుకట్టు, పాలు, గుడ్డు తెల్లసొన. మూడు గంటలకొకసారి. ఆయన వేటకెళ్లిన పూట మా ఆశా పిల్ల వచ్చి పోసేది. ఆ పిల్లదీ ఆ వీధే, వరసకి ఆయన్ని మావా అంటుంది.

గోడ మీద క్యాలెండరు వెనక్కి తిప్పి పెద్ద అక్షరాలతో వేళలు రాసిపెట్టాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. నాకు తెలివెక్కువ కదా! వదిన ముఖం చూసి జాలి ముంచుకొచ్చి, ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పని రూలు ఒకటి సొంతంగా పెట్టాను.

"అన్నా, దీని ముందు తినకు. ఇంట్లో చేప వండకు, ఆ వాసనకి దీని ప్రాణం కొట్టుకుంటాది. వచ్చినోళ్లెవరూ తిన్నావా అని అడక్కండి. ఆ మాట ఈ ఇంట్లో వినపడకూడదు."

"మరి నానెప్పుడు తినాలమ్మా?" అన్నాడు.

"బయటెక్కడో తిను. ముందు దానికి పొయ్యి, తర్వాత నీ సంగతి చూసుకో" అన్నాను. సంచీ భుజానేసుకుని వచ్చేశాను.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. ఆ ఇళ్లలో మొగుడు తిన్నాకే పెళ్లాం తింటుంది. అదే కంచంలో, ఆయన వదిలిన పులుసులో అన్నం కలుపుకుని తింటుంది. మనకి అది నచ్చకపోవచ్చు, నాకూ నచ్చదు, ఆ వీధిలో దాని మీద నేను ఉపన్యాసాలు కూడా ఇచ్చాను. కానీ ఆ ఇద్దరికీ నలభై ఏళ్లుగా తిండంటే అదే. ఆయన తినకుండా ఆవిడ తినలేదు, ఆవిడ వడ్డించకుండా ఆయన తినలేదు. నేను ఒక్క క్యాలెండరు కాగితంతో ఆ వరస తిప్పేశాను.

ప్రతి గురువారం తూకం మిషను సంచిలో వేసుకుని వెళ్లేదాన్ని. ముప్పై అయిదు. ముప్పై అయిదున్నర. ఒక వారం జ్వరమొచ్చి తగ్గింది, ఆ వారం నాకు అన్నం సయించలేదు. మళ్లీ ఎక్కింది. ముప్పై ఏడు. క్యాలెండరు మీద రాసి, కింద గీత గీసేదాన్ని. ఆ అంకెలు మా మీటింగులో చదివితే అందరూ భేష్ అన్నారు. నాకు గర్వంగా ఉండేది. ఉండదూ మరి!

ఒకరోజు ఆశా పిల్ల నవ్వుతూ అంది, "మేడమ్, ఆ మావోల ఇంట్లో పిల్లి మా ఇంటికాడికి వచ్చీసింది. ఇదివరకు ఎంత పిలిచినా వచ్చీది కాదు."

"అయితే ఏటి? పాలు పొయ్యి" అన్నాను, ట్యాబ్‌లో బాలింతల వివరాలు ఎక్కక తంటాలు పడుతూ.

ఇంకోరోజు ఒడ్డున పడవలు వచ్చినప్పుడు చూశాను. చేపలు అమ్మేశాక, కూరకని ఒక్కొక్కరికీ నాలుగేసి చేపలు పంచుకుంటారు. ఈ అన్న తన వాటా పక్కవాడి బుట్టలో వేసేసి నడుచుకుంటూ పోయాడు. ఇంట్లో వండొద్దన్న నా మాట ఎంత బాగా వింటున్నాడో అనుకున్నాను. ముచ్చటేసింది కూడా.

చెప్పడానికి అన్నిటికంటే సిగ్గైన సంగతి ఇప్పుడు చెప్తున్నాను. ఆయన చొక్కా భుజాల దగ్గర జారిపోతోంది. దవడలు లోపలికి పోయాయి. నేను చూడలేదని కాదు, చూశాను. చూసి హాస్యమాడాను. "ఏటన్నా, సన్నబడి పెళ్లికొడుకులా తయారవుతున్నావు! వదిన లేచేలోగా ఇంకోదాన్ని సూసుకుంతావా ఏటి?" అన్నాను. ఆయన నవ్వాడు. మంచం మీద వదిన కూడా నవ్వింది. ముగ్గురం నవ్వుకున్నాం.

ఆ వారం వదిన ముప్పై ఎనిమిదిన్నర.

ఆ తర్వాత రెండు వారాలకి, గురువారం పొద్దున్న పదకొండు గంటలకి, వదిన మిషను ఎక్కింది. ముప్పై తొమ్మిదిన్నర. నేను ఆవిడ రెండు చేతులూ పట్టుకుని "ఇంకొక్క అరకేజీ వదినా! ఒక్క అరకేజీ!" అని చిన్నపిల్లలా గెంతాను. క్యాలెండరు మీద అంకె రాస్తున్నాను. బయట అరుపులు వినిపించాయి.

నలుగురు మనుషులు అన్నని మోసుకొచ్చారు. పడవ ఇసకలోకి లాగుతుంటే ముందుకి పడిపోయాడట. అరుగు మీద పడుకోబెట్టారు. ఒళ్లంతా చల్లటి చెమట, ఇసక. బీపీ చూస్తే మెషిను పలకలేదు, రెండోసారి చూస్తే బాగా కిందకి ఉంది. వేలు గుచ్చి షుగరు చూశాను, అదీ అట్టడుగునే. గ్లూకోజు కలిపి చెంచాతో పట్టించాను. కాసేపటికి కళ్లు తెరిచాడు. తెరుస్తూనే గోడ మీద గడియారం వంక చూశాడు.

"పన్నెండయిపోతన్నాది. దానికి అంబలి పొయ్యాల" అన్నాడు.

"ముందు నువ్వు పడుకో! ఎండలో తిరిగీసి ఉంతావు" అన్నాను.

"అవునమ్మా, ఎండే" అన్నాడు వెంటనే.

మా ఆశా పిల్ల అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడూ నా ముందు గొంతెత్తని పిల్ల. ఒక్కసారిగా ఏడుపులోకి దిగిపోయింది.

"ఎండ కాదు, ఏటీ కాదు మేడమ్! ఈ మావ తిండి తినడం నేదు. మూడు నెలలయ్యింది. టీ తాగుతాడు, ఒక బన్ను తింతాడు, మళ్లీ ఏటకి ఎల్లిపోతాడు. నాను అన్నం అట్టుకొత్తే ఆకలి నేదంతాడు. పిల్లి మా ఇంటికి వచ్చీసిందని మీకు సెప్పాను కాదా! సేప ముళ్లు దొరక్క వచ్చింది మేడమ్ అది!"

లోపల మంచం మీంచి వదిన లేచింది. గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. చెంప మీద గొట్టం చుట్ట ఊగుతోంది. గుమ్మంలో నా తూకం మిషను ఉంది. దాన్ని కాలితో మెల్లగా తోసుకుంటూ అరుగు దగ్గరికి తెచ్చి, మొగుడి వంక చూసి ఏదో అంది. ముక్కులోంచి వచ్చిన ఆ మాట నాకు అర్థం కాలేదు. ఆయనకి అర్థమైంది.

"ఎందుకే ఇప్పుడు" అన్నాడు.

ఆవిడ మళ్లీ అదే అంది. ఎక్కు, అంటోంది.

నేనూ ఆశా పిల్లా చెరో రెక్కా పట్టుకుని నిలబెట్టాం. నలభై ఎనిమిది. ట్యాబ్‌లో వెతికాను. ఏడాది కిందట బీపీ సర్వేలో నేనే ఎక్కించిన అంకె ఉంది, అరవై మూడు. వదినకి నేను అయిదున్నర కేజీలు ఎక్కించాను. ఈయన దగ్గర పదిహేను పోయాయి. వారం వారం నా కళ్ల ముందే పోయాయి.

వదినకి అంకెలు రావు. నా మొహం చూసింది, చాలింది. మొగుడి వైపు తిరిగి ఒకే ఒక్క మాట అడిగింది. ఈసారి నాకూ అర్థమైంది. ఆ ఇంట్లో వినపడకూడదని నేను చెప్పిన మాట అది.

"తిన్నావా?"

"తిన్నాను" అన్నాడు.

"తిన్నావా?" అంది మళ్లీ.

ఆయన తల దించుకున్నాడు. "నేదు."

"నాకెట్టి నువ్వు పస్తున్నావా!" అని ఆవిడ అరిచింది. అంగిలి లేని నోటితో అరవబోతే గొంతు ఎలా వస్తుందో నేను రాయలేను. వీధిలో జనం పోగయ్యారు. ఆయన బెదిరిపోయి ఉన్నమాట చెప్పేశాడు. "నర్సమ్మ నీ ముందు తినొద్దన్నాది. నీ పాణం కొట్టుకుంతాదని సెప్పినాది."

అందరూ నా వైపు చూశారు. అన్నేళ్ల ఉద్యోగంలో అలా ఎవరూ నన్ను చూడలేదు. నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. "బయట తినమన్నాను కదా అన్నా!" అన్నాను, నా తప్పేమీ లేదన్నట్టు.

ఆయన కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. "తిని సూసానమ్మా. నలభై ఏళ్లు అది ఎట్టిందే తిన్నాను. బయట నోట్లో ఎట్టుకుంతే దిగదు. అంబలి వడకట్టినాక గుడ్డలో పిప్పి మిగుల్తాది కాదా, అది తినీవోడిని. అది సాలీది" అన్నాడు.

ఎప్పుడూ ఆయన వదిలింది ఆవిడ తినేది. ఈ మూడు నెలలూ ఆవిడ గొట్టంలోంచి దిగనిది ఈయన తిన్నాడు. నేను వెళ్లి అరుగు చివర కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. నర్సులు కేసుల దగ్గర ఏడవకూడదని మీకు చెప్తారు. సరే, చెప్పనివ్వండి.

వదిన ఏడవలేదు. లోపలికెళ్లి గ్యాసు వెలిగించింది. ఆశా పిల్లకి చేత్తో సైగ చేస్తే, అది పరిగెత్తి ఆ పూట కూర చేపలు తెచ్చింది. ఆయన వాటావే, ఎవరి బుట్టలో వేశాడో వాళ్లే తిరిగిచ్చారు. వద్దన్నా వినకుండా పీట మీద కూర్చుని వదినే తోమింది, కోసింది. చింతపండు పిసికింది. ముక్కు కింద గొట్టం అడ్డొస్తే చెవి మీదకి వేసుకుంది. పులుసు మరుగుతుంటే గరిటతో ఒక చుక్క తీసి అరచేతిలో వేసుకుంది. నలభై ఏళ్ల అలవాటు. చేయి నోటి దాకా వెళ్లి ఆగింది. కాసేపు ఆ చుక్కనే చూసి, చీరకి తుడిచేసుకుంది. ఉప్పు వేశానో లేదో తెలియలేదేమో, డబ్బా తీసి ఇంకోసారి వేసింది.

కంచం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నీ ముందు ఎలగ తింతానే" అన్నాడాయన. ఆవిడ ఏదో అంది. ఆయన మాకు చెప్పలేదు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నాకూ ఒక గిన్నెలో పెట్టింది వదిన, తినమని కళ్లతో గదిమింది. నోట్లో పెట్టుకున్నాను. అమ్మ బాబోయ్! సముద్రంలో నీళ్లు నయం. మా ఆయనైతే కూరలో ఉప్పు రవ్వంత ఎక్కువైతే మూడిళ్ల అవతలికి వినపడేలా గోల చేస్తాడు. నేను తల ఎత్తేసరికి అన్న నా వైపే చూస్తున్నాడు. తల కొంచెం, చాలా కొంచెం, అడ్డంగా ఊపాడు. మింగేశాను.

ఆయన కంచం ఖాళీ చేసి చెయ్యి కడుక్కున్నాడు. అప్పుడు వదిన గోడకి ఆనుకుని నిటారుగా కూర్చుని, సిరంజి తీసి ఆయన చేతికిచ్చింది. గంట ఆలస్యమైంది. ఆ రోజు అంబలి ఎంత నెమ్మదిగా దిగిందో! ఒక్క దగ్గు లేదు. నేను లేచి క్యాలెండరు మీద "ముందు అన్న తినాలి" అని పైన రాశాను. వాళ్లిద్దరికీ చదువు రాదు. నాకోసం రాసుకున్నాను.

మర్నాడు ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్తే సెలైను పెట్టి, పరీక్షలు చేసి, వేరే జబ్బేమీ లేదన్నారు. మా డాక్టరుగారు చిన్నవాడు, నా కొడుకు వయసు. కాగితం చూస్తూ మామూలుగా అడిగాడు, "మీరు వారం వారం ఆ ఇంటికి వెళ్తున్నారు కదా మేడమ్?" అని. తిట్టినా పడేదాన్ని. "వెళ్తున్నానండీ" అన్నాను.

అప్పట్నుంచి మిషను మీద ఇద్దరూ ఎక్కారు. రోజూ వదినే వండేది. రోజూ ఆ ఉప్పు గొడవే. కొన్ని రోజులు చప్పగా, కొన్ని రోజులు ఉప్పు కషాయం. ఉప్పు తగ్గించండి, బీపీ పెరుగుతుంది అని ఊరూరా చెప్పిన దాన్ని కదా, బయట ఆయన్ని పట్టుకుని అడిగాను. "ఒక్కమాట చెప్పన్నా, లేదా నన్ను చెప్పమను."

"వొద్దమ్మా" అన్నాడు. "సెప్తే మళ్లీ గరిట ముట్టుకోదు. రుసి తెలీదని ఏడుత్తాది. ఇప్పుడు లేస్తన్నాది, వండుతన్నాది, నా మీద కసురుకుంతన్నాది. ఉప్పుదేటి, నీళ్లు తాగుతాను."

నిజంగానే చెంబులు చెంబులు తాగేవాడు. ఆయన యాభై నాలుగుకొచ్చేసరికి వదిన నలభై ఒకటి.

విశాఖపట్నంలో అంగిట్లో పలక బిగించారు. కొన్ని వారాలు తిరిగి తిరిగి మింగడం నేర్చుకుంది. ఒకరోజు గొట్టం తీసేసి పంపించారు. ఇంటి దగ్గర మెత్తటి అన్నంతో మొదలెట్టమన్నారు. ముద్ద ముద్దకీ దగ్గొస్తే ఆలస్యం చెయ్యకుండా వెనక్కి రండి, మళ్లీ గొట్టమే, ఆ తర్వాత ఇక తీసే మాట ఉండదేమో అన్నారు.

నేను పెరుగన్నం మెత్తగా పిసికి సిద్ధంగా పెట్టాను. ఆశా పిల్ల తలుపు పట్టుకుని నిలబడింది. వదిన గిన్నె వైపు చూడను కూడా చూడలేదు. మొగుడికి అన్నం పెట్టింది, చేపల పులుసు పోసింది. ఆయన తింటుంటే కూర్చుని చూసింది. సగం తిన్నాక ఆయన చేయి పట్టుకుని ఆపింది. ఆ కంచం తన వైపు లాక్కుంది.

"కారం వదినా! నోరు మండిపోతాది, ఇవాళ్టికి పెరుగన్నం తిను" అని నేను అడ్డం పడ్డాను. ఎవరు విన్నారు నా మాట? ఆయన ముళ్లు తీసి, అన్నం వేళ్లతో మెత్తగా మెదిపి, పులుసు ఒక్క బొట్టు కలిపి, చిక్కుడుగింజంత ముద్ద చేసి ఆవిడ వేళ్ల మధ్య పెట్టాడు.

ఆవిడ నోట్లో పెట్టుకుంది. గెడ్డం కిందకి వంచింది, అక్కడ నేర్పినట్టే. గొంతు కదిలింది. ఒకసారి ఆగింది. మళ్లీ కదిలింది. అన్న చేయి గాలిలో అలాగే ఉండిపోయింది, వీపు నిమరడానికి సిద్ధంగా.

దగ్గు రాలేదు.

నేను ఏదో అనబోయాను. వదిన మొహం చూసి ఆగిపోయాను. కనుబొమలు ముడిపడ్డాయి. పెదాలు వంకర తిరిగాయి. కారం మండిందనుకుని నీళ్ల గ్లాసు అందించబోతే తోసేసింది. కంచంలోకి చూసింది, కుండ వంక చూసింది, మొగుడి మొహంలోకి చూసింది. పలక పెట్టాక మాట కాస్త తేటపడింది, ఆ పూట అందరికీ అర్థమైంది.

"ఉప్పు కషాయం" అంది.

అన్న పక్కకి చూశాడు.

"ఇన్నాళ్లూ ఇదే తిన్నావా?"

ఆయన ఆవిడ వేళ్లకంటిన మెతుకు తన వేళ్లతో తుడిచాడు. ఇంకో ముద్ద చెయ్యడానికి కంచంలో చెయ్యి పెట్టాడు.

"నువ్వు ఎట్టినావు" అన్నాడు, "నాను తిన్నాను."